బుల్లెట్టు వద్దనుకున్నాక

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నలభై దగ్గర పడేసరికి మూడు జబ్బుల్లో ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఒకటి మారథాన్. రెండు సేంద్రియ వ్యవసాయం. మూడు పాత మోటార్ సైకిల్. నాకు మూడోది పట్టుకుంది. మిగతా రెండింటికంటే ఇదే చవకని మా ఆవిడకి లెక్కలు వేసి చూపించాను. ఎక్సెల్ షీట్ చూసి నవ్వి ఊరుకుంది.

ఈ జబ్బుకి మనవాళ్ళు వాడే మందు ఒకటే... బుల్లెట్టు. మా టీములో పదకొండు మంది ఉంటే నలుగురికి బుల్లెట్లున్నాయి. ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చి కొన్నవాడొకడు, ప్రమోషన్ వచ్చిందని కొన్నవాడొకడు, పెళ్ళిలో మామగారిచ్చినవాడొకడు (కట్నం కాదట, గిఫ్టట), ఏ కారణమూ లేకుండా కొన్నవాడొకడు. 2021లో బుల్లెట్టు బండి పాట ఊరూరా మోగాక పెళ్ళి బరాత్‌లలో కూడా అదే గోల.

నాకు బుల్లెట్టంటే కోపమేం లేదు. నిజానికి ఆ కంపెనీ కథ మనలాంటివాళ్ళు చదవాల్సిన కథ. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో పుట్టింది. 1955లో మద్రాసు చేరింది. పుట్టింట్లో 1970కల్లా దుకాణం కట్టేశారు, ఇక్కడ మాత్రం బతికింది. 1994లో ఐషర్ వాళ్ళ చేతికొచ్చింది. 2000 ప్రాంతంలో అమ్మేద్దామా మూసేద్దామా అని పెద్దలు ఆలోచిస్తుంటే, ఇరవయ్యారేళ్ళ సిద్ధార్థ లాల్ కొంచెం టైమివ్వండి అని అడిగి తీసుకున్నాడు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో పది లక్షల పైచిలుకు బళ్ళు అమ్మారు. 

అంత గొప్ప కథ ఉన్నప్పుడు అదే కొనుక్కోవచ్చుగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. బుల్లెట్టుకి నాతో పని లేదు. దానికి కంపెనీ ఉంది, షోరూములున్నాయి, సర్వీసు సెంటర్లున్నాయి, వీధికో మెకానిక్ ఉన్నాడు. నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు. నా వల్ల ఆ బ్రాండుకి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు.

విండోస్ ఎక్స్‌పీ గుర్తుందా? 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. ఆ తర్వాత కూడా ఎన్నో ఏటీఎంలలో, ల్యాబు మెషిన్లలో అది నడుస్తూనే ఉండేది. దాన్ని నడిపించింది మైక్రోసాఫ్ట్ కాదు, ఎక్కడో సర్వర్ రూములో ఓ మూల కూర్చున్న ఎవరో ఒక మనిషి. పాత బండి అంటే నా లెక్కలో అదే. తయారుచేసినవాడు చేతులెత్తేశాక కూడా ఎవరో ఒకరి పట్టుదల వల్ల నడుస్తున్నది. అలాంటి బ్రాండుల్లో నాకు సరిపోయేదేది అన్నదే ప్రశ్న.

ఇక అవసరాల సంగతి. నేనుండేది పెద్ద అంబర్‌పేట్‌లో. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, విజయవాడ హైవే మన ఔటర్ రింగ్ రోడ్డుని కలిసే చోటు. సంక్రాంతికి రెండు రోజుల ముందు ఊరెళ్ళే బస్సెక్కిన ప్రతివాళ్ళూ ఇక్కడ కాసేపు ఇరుక్కుని ఈ ఊరి పేరు బోర్డు మీద చదువుకునే ఉంటారు. వారానికి రెండు రోజులు కార్లో ఔటర్ ఎక్కి గచ్చిబౌలి వెళ్ళొస్తాను, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఔటర్ మీదికి టూ వీలర్లని రానివ్వరు కాబట్టి ఆఫీసుకి బండి అనే మాటే లేదు. నాకు బండి కావలసింది ఆదివారాలకి. సర్వీసు రోడ్డు మీద కోహెడ గుట్ట దాకా, సంఘీ గుడి దాకా, బుద్ధి పుడితే పోచంపల్లి దాకా. ఎండాకాలంలో బాటసింగారం మార్కెట్ నుంచి ఓ డబ్బా మామిడిపళ్ళు వెనక కట్టుకురావడానికి. అరవై దాటి పోవాల్సిన పని లేదు, లడఖ్ వెళ్ళే ఉద్దేశం అసలే లేదు. దారిలో ఆగిపోతే మాత్రం నేనే బాగుచేసుకోగలగాలి. షోకేసులో పెట్టుకోడానికి కాదు, నడపడానికి.

అన్నట్టు, మన హైదరాబాదులోనే తయారైన బండి ఏదైనా ఉందా అని మొదట చూశాను. ఆల్విన్ పుష్పక్ ఉంది గానీ, అది స్కూటరు. నా జబ్బుకి ఆ మందు పనిచెయ్యదు.

మొదటి అభ్యర్థి రాజ్‌దూత్. సూర్యాపేట దగ్గర మా మేనమామకి ఉండేది. ఆయన దాని మీద రెండు పాల క్యాన్లు, ఒక ఎరువుల బస్తా, నన్నూ ఎక్కించుకుని చెరువు కట్ట మీద పోయేవాడు. ఎస్కార్ట్స్ వాళ్ళు 1962 నుంచి చేసిన బండి, పోలెండు వాళ్ళ ఎస్‌హెచ్‌ఎల్ బండి డిజైన్. 1973లో బాబీ సినిమాతో దాని తమ్ముడు జీటీఎస్ కుర్రాళ్ళ బండి అయిపోయింది గానీ, అసలు రాజ్‌దూత్ 175 మాత్రం మొదటి నుంచీ చివరి దాకా పల్లెటూరి బండే. ఎడ్లబండికి ఇంజిన్ బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మామయ్య మీద ప్రేమ వేరు, ఆ బ్రేకుల మీద నమ్మకం వేరు.

రెండోది ఆర్ఎక్స్ 100. ఇది కాలేజీ రోజుల్లో అందరి కల, కాదనను. 98 సీసీ, 11 హార్స్‌పవర్, అంతకంటే తక్కువనిపించే బరువు. 1985 నుంచి 1996 దాకా వచ్చింది. ఇప్పటికీ ఆ చప్పుడు వింటే మీటింగులో ఉన్నా చెవులు అటే పోతాయి. కానీ 2018లో అదే పేరుతో మన తెలుగు సినిమా వచ్చాక దాని సంగతి చెప్పక్కర్లేదు. నాగోల్లో ఒకటి చూడ్డానికి వెళ్తే లక్షా ఇరవై చెప్పాడు. పైగా ఆర్ఎక్స్‌జీకీ 135కీ ట్యాంకు, స్టిక్కర్లు మార్చి 100 అని అంటగట్టేవాళ్ళు బోలెడుమంది. బండి చూడ్డానికి వెళ్ళిన మనిషి డిటెక్టివ్ అవ్వాలి. ఇంకా ముఖ్యంగా, దాన్ని వీధిలో పార్కు చేసి టీ తాగడానికి కూర్చుంటే టీ మీద ధ్యాస ఉండదు. దొంగలక్కూడా దాని రేటు తెలుసు కదా.

రాజ్‌దూత్ 350, అంటే యమహా ఆర్‌డీ 350, 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళే తెచ్చినది. రెండు సిలిండర్లు, 30 హార్స్‌పవర్ పైన, ఆ స్పీడుకి సరిపోని బ్రేకులు. దాని రేటు విన్నాక ముందుకి జరిగాను.

ఇక మిగిలింది యెజ్డి.

యెజ్డితో నా పరిచయం మైసూరులో. మీలో చాలామందికి ఆ ఊరితో నాకున్న సంబంధమే ఉంటుంది... ట్రైనింగు, పచ్చిక బయళ్ళు, అసెస్‌మెంట్ల భయం. శనివారం సాయంత్రం ఊళ్ళోకి వెళ్తే వీధుల్లో ఎక్కడ చూసినా ఈ రెండు సైలెన్సర్ల బళ్ళే. పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన గంధపు బొట్టుతో, వెనక సీటు మీద అరటి గెలతో యెజ్డి మీద పోవడం చూసి, ఈ ఊరివాళ్ళకి ఇదేం పిచ్చి అని మా బ్యాచి ఒడియా కుర్రాడిని అడిగితే, ఆ బండి పుట్టిందే ఇక్కడరా అన్నాడు.

నిజంగానే అక్కడే పుట్టింది. జావా అనేది చెక్ కంపెనీ. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీ వాళ్ళ వాండరర్ మోటార్ సైకిల్ హక్కులు కొని, తన పేరులోని మొదటి ముక్కా వాండరర్‌లోని మొదటి ముక్కా కలిపి పెట్టిన పేరది. ఫరోఖ్ ఇరానీ అనే పార్సీ వ్యాపారి ఆ బండిని ఇక్కడ తయారుచేద్దామని మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ పెట్టాడు. 1961లో ఫ్యాక్టరీ నుంచి బళ్ళు బయటికి రావడం మొదలైంది. 1973 నుంచి యెజ్డి అన్న సొంత పేరు. అది ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీదుగా వచ్చిందంటారు. మన హైదరాబాదు ఇరానీ హోటళ్ళవాళ్ళలో కూడా కొందరి తాతలది ఆ చుట్టుపక్కలే. అంటే ఇరానీ చాయ్‌కీ యెజ్డికీ ఎక్కడో దూరపు చుట్టరికం ఉందన్నమాట :)

1984, 85లలో హోండా, సుజుకి, యమహా, ఆ వెనకే కవాసాకి పేర్లతో వందసీసీ బళ్ళు దిగాయి. హీరో హోండా సీడీ 100 లీటరుకి ఎనభై ఇస్తానని యాడ్ వేసుకుంటుంటే, పాతిక ముప్ఫై ఇచ్చే యెజ్డిని ఎవరు కొంటారు? దానికి తోడు కార్మికుల గొడవలు, పొగ నిబంధనలు. 1996లో ఫ్యాక్టరీ మూతబడింది. బుల్లెట్టుకి టైమడిగిన కుర్రాడొకడు దొరికాడు, యెజ్డికి దొరకలేదు. రెండు కంపెనీల మధ్య తేడా అంతా ఇంజనీరింగులోనే ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇప్పుడు జావా, యెజ్డి పేర్లు మళ్ళీ వచ్చాయి కదా అని మీరు అడగొచ్చు. వచ్చాయి. క్లాసిక్ లెజెండ్స్ అని మహీంద్రా వాళ్ళు పెద్ద వాటా పెట్టిన కంపెనీ 2018 నవంబరులో జావాని, 2022 జనవరిలో యెజ్డిని మళ్ళీ దింపింది. అందులో ఉన్న బోమన్ ఇరానీ ఆ పాత కుటుంబం మనిషే. నడిపి చూశాను, మంచి బళ్ళే. కానీ అవి నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. పాత బండితో కలిసేది పేరూ, రెండు సైలెన్సర్లూ మాత్రమే. ఒక్క నట్టు కూడా ఇటుది అటు పట్టదు. పాత ప్రోడక్టు పేరు పెట్టి మొత్తం కొత్తగా రాసిన వెర్షనన్నమాట. మనకి తెలియని కథేం కాదు.

అసలు ఆ పాత బండిలో ఏముందని అంత మోజు? నాకు నచ్చినవి రెండు. మొదటిది, కిక్కు లివరూ గేరు లివరూ ఒకటే. ఎడమ పక్కన ఒకే ఒక రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, బండి స్టార్టయ్యాక ముందుకి దించితే గేరు. ఒకే బటనుకి రెండు పనులు చెప్పే డిజైనంటే మామూలుగా నాకు పడదు గానీ, ఇది మాత్రం ముద్దొస్తుంది. రెండోది, గేరు లివరు నొక్కుతుంటే లోపల క్లచ్చు దానంతటదే విడుతుంది. చేత్తో క్లచ్చు పట్టకుండానే గేరు మార్చెయ్యొచ్చు. ఇది అరవైల నాటి బండిలో! ఇంజిన్ లోపల కవాటాలు లేవు, వాటిని ఆడించే సరంజామా లేదు. పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు... తిరిగే సామాను అంతే. ఒక సిలిండరుకి రెండు సైలెన్సర్లు. పాత మోడళ్ళకి తాళంచెవి చూస్తే మేకుకి తలకాయ పెట్టినట్టు ఉంటుంది.

లోపాలు లేవా అంటే, బోలెడు. ఆరు వోల్టుల కరెంటు, రాత్రిపూట హెడ్‌లైటు అగ్గిపుల్ల వెలుగు. సైలెన్సర్లలో మసి పేరుకుపోతుంది, ఊడదీసి కాల్చి శుభ్రం చెయ్యాలి. పెట్రోలులో ఆయిలు కలపాలి, లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన. ఒకప్పుడు బంకులోనే కలిపి కొట్టేవారు. ఇప్పుడు టూటీ ఆయిల్ సీసా మనమే సంచిలో పెట్టుకుపోవాలి. బంకు కుర్రాడు దాన్ని చూసి, అన్నా ఇది ఏం మందు అని అడుగుతాడు. పొగ వస్తుంది, అది మంచిది కాదు. వారానికి ఇరవై ముప్ఫై కిలోమీటర్లకి మించి తిప్పను కాబట్టి నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. రోజూ ఆఫీసుకి టూ స్ట్రోకు మీద పోతాననేవాడితో మాత్రం నేను పోట్లాటకి దిగుతాను.

చివరికి తేల్చింది ఈ లెక్కలేవీ కాదు, ఇద్దరు మనుషులు.

ఒకాయన హయత్‌నగర్ వైపు ఓ సందులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్. అందరూ చాచా అంటారు. అరవై ఐదు దాటాయి. పద్నాలుగేళ్ళప్పుడు పుత్లీబౌలిలో పానాలు అందించడంతో మొదలెట్టాడట. నేను మొదటిసారి వెళ్ళి, చాచా, యెజ్డి కొందామనుకుంటున్నా, ఆర్ఎక్స్ కొందామనుకుంటున్నా, ఏది మంచిదంటారు అని అడిగాను. చేతిలో కార్బురేటరు పక్కన పెట్టకుండానే అన్నాడు: "ఆర్ఎక్స్ అయితె ఎవడన్న చేస్తడు సాబ్. యెజ్డి అయితె మీరు నేర్చుకోవాలె. నేను ఇంక నాలుగైదు సాల్‌లు చేస్తనేమో. కండ్లు మంచిగ కనవడ్తలేవు." ఇద్దరు కొడుకుల్లో ఒకడు క్యాబ్ నడుపుతాడు, ఇంకొకడు మాదాపూర్లో టెస్టింగ్ ఇంజనీరు. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు.

ఆ మాటతో నేను భయపడి ఆర్ఎక్స్ వైపు మొగ్గాలి, న్యాయంగా. మేనేజరుగా ఆలోచిస్తే ఇది పెద్ద రిస్కు. తెలిసినవాడు ఒక్కడే, వాడు వెళ్ళిపోతే సిస్టమ్ ఆగిపోతుంది. కానీ మన ఆఫీసుల్లో అలాంటప్పుడు ఏం చేస్తాం? సిస్టమ్ పారెయ్యం కదా. ఆ ఒక్కడు ఉండగానే ఇంకొకడిని పక్కన కూర్చోబెడతాం. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని దానికో క్యాలెండర్ ఇన్వైటు కూడా పంపిస్తాం. ఆర్ఎక్స్ కొంటే నేను కస్టమర్ని. యెజ్డి కొంటే ఆ రెండో కుర్చీలో కూర్చోవాల్సినవాణ్ణి. నలభయ్యేళ్ళ వయసులో అది భారమా, అవకాశమా అని వారం రోజులు కొట్టుకున్నాను.

రెండో మనిషి చౌటుప్పల్ దగ్గర ఒక రిటైరైన లెక్కల మాస్టారు. 1979లో కొత్తది కొన్న యెజ్డి 250, ఆయనే మొదటి ఓనరు, ఏ తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు ప్లేటు. కొట్టంలో వడ్ల బస్తాల పక్కన, మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆయనకి ఎడమ కాలు సరిగ్గా రాదు ఇప్పుడు, పక్షవాతం తర్వాత. యెజ్డికి కిక్కు కొట్టాల్సింది ఆ కాలితోనే. కొడుకులిద్దరూ డాలస్‌లో. వాళ్ళే ఆన్‌లైన్లో ఫోటో పెట్టారు.

నేను వెళ్ళేసరికే ఒక బేరం వచ్చి ఉంది. హైవే పక్కన కొత్తగా పెడుతున్న రెస్టారెంటుకి ఇంటీరియర్ చేసేవాళ్ళు తొంభై వేలకి అడిగారట. గోడకి సగం ఎత్తులో బిగించి, కింద రంగు లైట్లు పెడతారట. ఇంజిను తీసేస్తే బరువు తగ్గుతుంది కాబట్టి అది అక్కర్లేదట, కావాలంటే మీరే ఉంచుకోండి మాస్టారూ అన్నారట! ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. సగానికి కోసిన అంబాసిడర్లో కూర్చోబెట్టి దోసె వడ్డించే చోట్లు, లాంబ్రెట్టా మీద వాష్ బేసిన్ పెట్టినవి. నాకు ఆ డెకరేషన్లు చూస్తే తిన్నది అరగదు. బండి పాడైపోయి తుక్కుకి పోతే అదొక చావు, సహజమే. నడిచే బండిని పేగులు తీసి గోడకి కొట్టడం ఏమిటి?

మాస్టారు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "నడుపుతారా, ఆనించి పెడతారా?"

నడుపుతానండి అన్నాను. మైలేజీ అడగలేదు, మీరేం చేస్తారని అడగలేదు. బండిని బయటికి తోయించి, ప్లగ్గు విప్పించి, సిలిండర్లో నాలుగు చుక్కల ఆయిలు వేయించి, మెల్లగా కిక్కు నొక్కమన్నారు. పిస్టను కదిలింది. పట్టెయ్యలేదు అని ఆయన మొహం వెలిగిపోయింది. డెబ్భై వేలకి ఇచ్చారు. ఇరవై వేలు తక్కువకి ఎందుకిచ్చావని డాలస్ నుంచి ఫోను వస్తే, "నా బండి, నా ఇష్టం రా" అన్నారని వాళ్ళావిడ మాకు కాఫీ ఇస్తూ చెప్పింది.

కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ జబ్బు పట్టిన వాళ్ళందరూ ముందు బొక్కబోర్లా పడేది ఇక్కడే. రిజిస్ట్రేషను మొదటి పదిహేనేళ్ళకే. ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించాలి. మాస్టారు క్రమశిక్షణ గల మనిషి కాబట్టి ఒక్కటి తప్ప అన్నీ చేయించారు. పాత పుస్తకం ఆర్సీని ముందు కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తియ్యాలి, బండి తీసుకెళ్ళి చూపించాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. ఇరవయ్యేళ్ళు దాటిన మోటార్ సైకిళ్ళకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో రెండు వేలు చేశారు. మొత్తం పూర్తయ్యేసరికి నాలుగు సార్లు తిరిగాను. నాలుగు సార్లంటే తక్కువే అన్నాడు చాచా.

మరి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చుగా అని మా టీమ్‌లీడ్ సలహా. 2021 జులైలో కేంద్రం దానికి నిబంధనలు తెచ్చిన మాట నిజమే. మొదటి రిజిస్ట్రేషనై యాభై ఏళ్ళు దాటి, ఇంజినూ బాడీ మార్చకుండా ఉన్నవాటికి వీఏ అనే అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు, ఇరవై వేలు ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది. నా బండికి 2029 దాకా ఆ అర్హతే రాదు. వచ్చినా నేను చేయించను. ఎందుకంటే ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి మాత్రమే. మామిడిపళ్ళ డబ్బా తేవడానికి వీల్లేదు. చట్టం దృష్టిలో వింటేజ్ అంటే అదీ మర్యాదగా గోడకి ఎక్కించడమే. నా బండి మామూలు బండిగానే ముసలిదవనీ.

ఇంకో పెద్ద సమస్య, ఎవరూ చెప్పనిది, పెట్రోలు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో నెల రోజులు బండి తియ్యకపోతే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు వాషర్లని మెత్తబరుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో నడిపితే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అయినట్టు మండుతుంది. కొత్త బళ్ళలో కంప్యూటరు దాన్ని సర్దుకుంటుంది. మన కార్బురేటరుకి ఆ తెలివి లేదు. ఇంజిను వేడెక్కిపోతుంది. టూ స్ట్రోకులో వేడెక్కడమంటే పిస్టను సిలిండరుని పట్టెయ్యడమే. చాచా ఒక సైజు పెద్ద జెట్టు వేసి, ప్లగ్గు రంగు చూపించి నేర్పాడు. తెల్లగా ఉంటే ప్రమాదం, నల్లగా తడిగా ఉంటే దండగ, బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. ముప్ఫై కిలోమీటర్లు తిరిగొచ్చి ప్లగ్గు విప్పి చూడ్డం నాకిప్పుడు లాగ్ ఫైల్ చూసినట్టే ఉంది.

సామాన్లు దొరుకుతాయా అని అందరూ అడుగుతారు. అనుకున్నంత కష్టం లేదు. కేబుళ్ళు, రబ్బర్లు, క్లచ్ ప్లేట్లు, పిస్టను రింగులు కొత్తగా చేసి అమ్మేవాళ్ళున్నారు. నాణ్యత మాత్రం దేవుడి దయ. నేను కొన్న కొత్త కండెన్సరు రెండు ఆదివారాలు పనిచేసి కన్నుమూసింది. చాచా గూట్లోంచి తీసిన పాతది ఇప్పటికీ నడుస్తోంది. గురువారం జుమ్మేరాత్ బజార్లో తిరిగితే ఒక్కోసారి కంపెనీ సామాను తగులుతుంది. ఒకసారి ముప్ఫై రూపాయలకి అసలు మైసూరు స్పీడోమీటరు అద్దం దొరికితే, అప్రైజల్లో మంచి రేటింగు వచ్చినప్పుడు కూడా నేనంత సంబరపడలేదు. దేశమంతా జావా, యెజ్డి వాళ్ళు ఏటా జులై రెండో ఆదివారం జావా డే అని బళ్ళు వేసుకుని కలుస్తారు. హైదరాబాదులోనూ కలుస్తారు. అక్కడ బండి గొప్పలు చెప్పుకునేవాళ్ళకంటే నీ దగ్గర ఫలానా గేరు ఉందా, నా దగ్గర రెండున్నాయి, ఒకటి తీసుకో అనేవాళ్ళే ఎక్కువ కనిపించారు. ఆర్ఎక్స్ వాళ్ళలో నేను చూసింది రేట్ల గురించిన మాటలే. ఇది నా అనుభవం, ఆర్ఎక్స్ అభిమానులు తిట్టుకోవద్దు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి షెడ్డు దగ్గరుంటాను. మొదటి రోజు ఫోను స్టాండు పెట్టి వీడియో తీద్దామనుకున్నాను, డాక్యుమెంటేషన్ అలవాటు కదా. చాచా ఆ స్టాండు పక్కకి జరిపి చేతికి పానా ఇచ్చాడు. "షూటింగ్ తర్వాత. ఫస్ట్ హాత్ నల్లగ కావాలె సాబ్" అన్నాడు. ఆరు నెలలైంది. క్లచ్ ప్లేట్లు సొంతంగా మార్చగలను. పాయింట్ల గ్యాపు ఆయన కళ్ళకి సరిగ్గా ఆనట్లేదు కాబట్టి అది నేనే చూస్తున్నాను, షెడ్డుకి వచ్చే వేరేవాళ్ళ బళ్ళకి కూడా. గేరుబాక్సు ఇంకా ముట్టుకోనివ్వలేదు. మా ఆవిడ పొగ వాసన అని ఆర్నెల్లూ ఎక్కలేదు గానీ, మొన్న సంఘీ గుడి దాకా వస్తానంది. కొండ కింద ఆపి, మళ్ళీ స్టార్ట్ చెయ్యబోతుంటే ఆ రాడ్డు అలా తిప్పావేంటి అని అడిగింది. చూపించాను. నేను కొడతానంది. మూడో కిక్కుకి స్టార్టయింది.

బండి రోడ్డెక్కాక ఒకసారి తీసుకురమ్మని మాస్టారు చెప్పారు. ముందు రోజే ఫోను చెయ్యాలట, అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంటారట. చౌటుప్పల్ దాకా హైవే మీద లారీల మధ్య ఆ ఆరు వోల్టుల లైటుతో చీకట్లో పోలేను, తెల్లారాక బయల్దేరి ఎండెక్కేలోపు తిరిగొచ్చెయ్యాలి. వెనక బ్రేకు లైనింగు కొత్తది వేశాం, అది ఇంకో వంద కిలోమీటర్లు అరగాలన్నాడు చాచా. ప్రస్తుతానికి కోహెడ గుట్ట చుట్టూ తిప్పుతున్నాను.